రంగును లెక్కించు వెలుగు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ విప్పి, గుప్పెడు కాయలు అరచేతిలో పోసికొని, వెలుతురునకు ఎత్తి చూచు వ్యాపారిని మన జిల్లాలో ఎరుగనివారుండరు. కాయ పొడవు, తొక్క, ఘాటు అన్నియు అతడు పరీక్షించును గాని, చూడగానే ధరను నిలుపునది రంగు. తెల్లబారిన తాలుకాయకు ఒక ధర, నిండుగా ఎఱ్ఱబారిన కాయకు వేరొక ధర. పొన్నూరు చుట్టుపట్ల వరి మాగాణియే హెచ్చు. మిరపకల్లము చూడవలెనన్న గుంటూరు దిక్కునకు పోవలెను. అయినను యార్డులో ధర ఎట్లున్నదని విచారింపని ఊరు ఇక్కడను లేదు.

ఆ కాయయే పొడియై విదేశములకు పోవలసినప్పుడు కంటిచూపు ఒక్కటియే చాలదు. కొలుచువారు కారమును తూచి, అసిటోను అను ద్రవములో నానబెట్టి, దిగిన రంగును చిన్న గాజుపాత్రలో పోసి, దానిగుండ నీలికాంతిని పంపుదురు. ఆ కాంతి తరంగదైర్ఘ్యము 460 నానోమీటర్లు. నానోమీటరనగా మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అందులో ఒక భాగము. ఎంత కాంతి లోపలికి పోయెను, ఎంత అవతలికి వచ్చెను అని యంత్రము కొలిచి, నడుమ మ్రింగబడిన దానిని బట్టి ఒక అంకె చెప్పును. అమెరికా సుగంధద్రవ్య వర్తకుల సంఘము పేర దానిని ఆస్టా విలువ అందురు. పత్తికి ఇంకొక విధము. దూదిని కరగించి రంగు దింపుట పొసగదు గనుక, దానిమీద కాంతిని పడవేసి, మరలివచ్చిన వెలుగెంత, అందు పసుపుపాలెంత అని కొలుతురు.

వస్తువు గుండ సాగిన కాంతిని కొలుచుట ఒకటి, వస్తువు మీదనుండి మరలిన కాంతిని కొలుచుట రెండవది. మన రక్తమును, పసిబిడ్డ చర్మమును వైద్యులు చదువునది ఈ రెండు పద్ధతులతోనే. వెలుగుతో వైద్యమనగానే అందరికిని లేసరు కిరణము తలపునకు వచ్చును. కంటి వైద్యమున అది చేయు మేలు సామాన్యమైనది కాదు. కాని ఇచ్చట దానిని ప్రక్కనబెట్టి, ఇంత ఆర్భాటము లేని సంగతి చెప్పదలచితిని. ఏలయన ఇది రక్తపరీక్ష చేయించుకొనిన ప్రతివానికి, ముఖ్యముగా పురుడు వచ్చిన ప్రతి యింటికి సంబంధించినది.

రోగి రంగు చూచి రోగమును ఊహించుట వైద్యమంత పాతది. క్రింది కనురెప్పను లాగి, లోపలి ఎరుపు తగ్గినచో రక్తహీనత అందురు. పెదవులు, గోళ్లు నీలి తిరిగినచో ప్రాణవాయువు చాలుటలేదందురు. కంటి తెల్లగుడ్డు పసుపెక్కినచో కామెర అందురు. ఈ మూడు గుర్తులును రక్తమునుండి పుట్టినవే. అనుభవము పండిన వైద్యుని కంటిని తక్కువ చేయరాదు. అయినను మనుష్యుని కంటికి ఒక సహజమైన లోపము కలదు. రెండు రంగులను ప్రక్కప్రక్కన నిలిపినచో వాని హెచ్చుతగ్గులను అది మిక్కిలి సూక్ష్మముగా పట్టుకొనును. ఒక్క రంగునే చూపి ఇది ఎంత అని అడిగినచో తడబడును. దుకాణపు దీపముల క్రింద నచ్చిన పట్టుచీరను ఇల్లాలు వీధివాకిటి వెలుతురునకు తెచ్చి మఱల చూచుకొనుట ఇందుకే.

కంటి బలమును వాడుకొని దాని బలహీనతను తప్పించు యంత్రమును 19వ శతాబ్దమున పారిస్ నగరమున జూల్ డ్యుబోస్క్ నిర్మించెను. దానికి వర్ణమాపకమని పేరు. అందు రెండు చిన్న గాజుగిన్నెలుండును. ఒక దానిలో ఎంత పదార్థము కలదో ముందే తెలిసిన రంగునీరు, రెండవదానిలో పరీక్షింపవలసిన రంగునీరు. క్రిందనుండి వెలుగు వచ్చును. పైనుండి రెండింటిలోనికిని గాజుకడ్డీలు దిగును. కన్ను ఆనించి చూచినచో ఒకే వలయము కనబడును. దాని సగము ఈ గిన్నెది, సగము ఆ గిన్నెది. రెండు సగములు ఒకే ఛాయకు వచ్చువఱకు కడ్డీని ఎత్తుచు దించుచు పోవలెను. నీరు పలుచనైనకొలది వెలుగు ఎక్కువ లోతు ప్రయాణము చేసిననే గాని సమానము కాదు. కావున లోతును చూచినచో చిక్కదనము తెలియును. కంటిని ఎంత అని అడుగక, సమానమా కాదా అని మాత్రమే అడిగిన ఈ యుక్తి చాల గొప్పది.

ఇట్టి వర్ణపరీక్షనే సాధనముగా చేసికొని జీవశాస్త్రమున ఒక తలుపు తెరచినవాడు మనవాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. మద్రాసు వైద్యకళాశాలలో చదివి 1922లో బోస్టను నగరము చేరెను. హార్వర్డు వైద్యవిద్యాలయమున సైరస్ ఫిస్కెతో కలిసి, శరీరద్రవములలో భాస్వరము ఎంత కలదో రంగును బట్టి కొలుచు పద్ధతిని సాధించెను. అది 1925లో వెలువడెను. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటు అను లవణమును చేర్చగా, అది అందలి ఫాస్ఫేటుతో జతగూడును. దానిమీద మఱియొక రసాయనమును కలిపినచో నీలిరంగు పుట్టును. ఫాస్ఫేటు ఎంత హెచ్చైన నీలి అంత చిక్కన. రక్తపు బొట్టులో దాగిన పదార్థమునకు ఇట్లు రంగు తొడిగి, వెలుగుచేత లెక్కపెట్టించిరి.

అసలు కథ తరువాతిది. కండరమునుండి తీసిన ద్రవమును ఇదే విధముగా పరీక్షించినప్పుడు నీలిరంగు రావలసిన వేగముతో రాలేదు. మెల్లమెల్లగా చిక్కబడుచు పోయెను. తొందరపాటు గలవాడైనచో మందు పాతబడినదని పారబోసి మఱల కలుపుకొని యుండును. వీరు ఆ ఆలస్యమునే పట్టుకొనిరి. ఫాస్ఫేటులో కొంత వేరొక పదార్థముతో ముడిపడి యుండి, పరీక్షలో కొంచెము కొంచెముగా విడివడుచున్నదని తేల్చిరి. అదియే ఫాస్ఫోక్రియాటిను, 1927లో ప్రకటించిరి. కండరము పనిచేయునప్పుడు అది తరుగును, విశ్రమించినప్పుడు మఱల సమకూరును. 1929లో వారే ఏ.టి.పి. అను పదార్థమును కండరమునుండి వేరుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమను కూడ అప్పుడే దానిని స్వతంత్రముగా కనుగొనెను. జీవకణములు శక్తిని నిలువచేసికొని అక్కరకు వ్యయించునది ఆ పదార్థరూపముననే.

సుబ్బారావు పేరు చెప్పగానే మనవారు ఆయన తరువాతి కాలమున లెడర్లీ సంస్థలో నడపిన పరిశోధనలను, బోదకాలు వ్యాధి మందును, ఫోలికామ్లమును, ఆరియోమైసినును తలచుకొందురు. అది న్యాయమే. నాకు మాత్రము ఆలస్యముగా నీలి తిరిగిన ఆ గాజుగొట్టము కథ అంతకంటె ఇష్టము. 1948లో ఆయన మరణించెను. పద్ధతి పేరు నేటికిని ఫిస్కె–సుబ్బారావు పద్ధతియే.

క్రమముగా కంటిస్థానమున కాంతి సోకినచో విద్యుత్తు పుట్టించు ఘటము వచ్చి కూర్చున్నది. నేడు పొన్నూరు వంటి పట్టణమున ఏ రక్తపరీక్షాలయమునకు పోయినను బల్లమీద కనబడు యంత్రము ఈ వర్ణమాపకపు సంతతియే. చక్కెర చూడవలెనన్న రక్తరసమునకు మందు కలుపుదురు. చక్కెరను బట్టి గులాబిరంగు పుట్టును. 505 నానోమీటర్ల ఆకుపచ్చని కాంతి దానిగుండ పోవును. అంకె కాగితముమీద అచ్చుపడును. ఇంటిలో వేలు గుచ్చి చూచుకొను చిన్న యంత్రములు చాలవరకు రంగుతో గాక విద్యుత్తుతో పనిచేయును. అది వేరు కథ.

రక్తహీనత లెక్క ఇంకను ఆసక్తికరము. గర్భిణుల రక్తమును పరీక్షించుటకు మన పల్లెటూళ్ల ఆరోగ్యకేంద్రములలో బహుకాలము వాడినది సాలీ గొట్టము. వేలినుండి తీసిన 20 ఘన మిల్లీమీటర్ల రక్తమును పలుచని ఆమ్లములో వేయగా గోధుమరంగు వచ్చును; ప్రక్కనున్న గాజుకడ్డీ రంగుతో సరిపడువఱకు చుక్కచుక్కగా నీరు పోయుదురు. యుక్తి డ్యుబోస్క్ యుక్తియే గాని, చూచువారి కన్ను, కిటికీ వెలుతురు, వారి తొందర ఇవన్నియు ఆ అంకెలో చేరిపోవును. మబ్బుపట్టిన దినమున ఒక లెక్క, ఎండ కాచిన దినమున ఒక లెక్క వచ్చుటకు వీలున్నది. బలహీనురాలైన తల్లి ఆ తేడాలో తప్పిపోవచ్చును. 540 నానోమీటర్ల కాంతితో యంత్రము చేయు పరీక్షలో ఆ యిబ్బంది లేదు.

నీలి సంగతి శ్రోతలకు ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు వేలికి తగిలించు చిన్న యంత్రము ఎందఱో ఇండ్లకు తెచ్చుకొనిరి. ప్రాణవాయువు గల రక్తము, లేని రక్తము ఎఱ్ఱకాంతిని, పరారుణ కాంతిని వేర్వేరు పాళ్లలో మ్రింగును. యంత్రము ఆ రెండు కాంతులను వేలిగుండ పంపి, నాడి కొట్టినప్పుడెల్ల మారుచున్న భాగమును మాత్రమే విడదీసి లెక్కించును. నాడినే ఆధారము చేసికొను ఈ ఉపాయము జపానుదేశీయుడైన టాకువో అవొయాగిది. 1974లో వెల్లడి చేసెను. ఇందును మెలకువ కావలెను. నల్లని చర్మముగల రోగులలో ఈ యంత్రము ప్రాణవాయువును ఉన్నదానికంటె హెచ్చుగా చూపు సందర్భములు ఎక్కువని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ప్రకటించిరి. అంకె బాగున్నను ఆయాసము హెచ్చుచున్నచో ఆయాసమునే నమ్మవలెను.

ఇక పసుపు. ఇచ్చట కొంత నిలిచి చెప్పవలెను.

నెలలు నిండి పుట్టిన బిడ్డలలో నూటికి సుమారు 60 మందికి, నెలలు నిండనివారిలో సుమారు 80 మందికి మొదటి వారమున ఒళ్లు పసుపెక్కును. గర్భమున నున్నప్పుడు బిడ్డకు ఎఱ్ఱకణములు మెండు. పుట్టిన తరువాత అవి విరివిగా విచ్ఛిన్నమగును. వానిలోని వర్ణకము మారి బిలిరూబిను అను పచ్చని పదార్థమగును. తల్లికడుపులో నున్నంతకాలము తల్లి శరీరము దానిని కడిగివేసినది. ఇప్పుడు ఆ పని బిడ్డ కాలేయము తానే చేయవలెను, దానికింకను చేవ చాలదు. చాలమందిలో ఒకటి రెండు వారములలో అంతయు చక్కబడును. కొందఱిలో మాత్రము బిలిరూబిను మితిమీరి మెదడులోనికి ప్రవేశించును. అప్పుడు బిడ్డ బ్రతికినను చెవుడు, అవయవములు స్వాధీనము తప్పుట జీవితాంతము నిలిచిపోవును. ఆ హాని జరిగిన పిమ్మట దానిని మరల్చు మందు లేదు. జరుగకముందు ఆపుటకు మాత్రము అతి సులభమైన సాధనమున్నది. అది నీలిదీపము.

ఆ దీపము పుట్టిన తీరు వినదగినది. 1956లో ఇంగ్లండు దేశమున ఎసెక్సు ప్రాంతపు రోచ్‌ఫర్డు ఆసుపత్రిలో నెలలు నిండని శిశువులను చూచు సిస్టర్ వార్డు అను ఆమె, ఎండ కాచిన దినములలో బిడ్డలను ఆరుబయటకు తెచ్చి ఉంచెడిది. ఒకనాడు వైద్యులు వచ్చినప్పుడు ఆమె ఒక బిడ్డను విప్పి చూపెను. ఒళ్లంతయు పసుపు తగ్గి పాలిపోయి, ఒక్క త్రికోణాకారపు చోటు మాత్రము ముదురు పసుపుగా నుండెను. ఆమె ఏదో మందు పూసినదని వైద్యుడు భావించెను. పూత కాదు, దుప్పటి కొన కప్పియుండి ఎండ తగులని చోటు అది. ఆ రోజులలోనే ఒక బిడ్డ రక్తము గల గొట్టము ప్రయోగశాల కిటికీలో ఎండలో ఉండిపోగా, అందలి బిలిరూబిను లెక్క అనుకొన్నదానికంటె చాల తక్కువగా వచ్చెను. ఈ రెండు సంగతులను ముడివేసి, క్రీమరు అను వైద్యుడు సహచరులతో కలిసి నీలిదీపముల చట్రమును కట్టించి బిడ్డలను దానిక్రింద ఉంచెను. ఫలితములు 1958లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. అమెరికాలో ఈ చికిత్స నాటుకొనుటకు 1968 నాటి పరీక్షలవఱకు ఆగవలసివచ్చెను.

నీలికాంతియే ఏల? బిలిరూబిను పచ్చగా కనబడుటకు కారణమే అది నీలిని మ్రింగుట. అది అన్నిటికంటె హెచ్చుగా మ్రింగు కాంతి సుమారు 460 నానోమీటర్లది. మన మిరప రంగును కొలుచునదియు అదే కాంతి యని పైన చెప్పితిని. గుంటూరు కారమును, పసిబిడ్డ కామెరను ఒకే నీలికిరణము పట్టుకొనుట నాకు ముచ్చటగా తోచును. నీలిని మ్రింగిన బిలిరూబిను అణువు తన మెలికను మార్చుకొనును. అంతవఱకు నీటిలో కరుగని పదార్థము అప్పుడు కరుగును. కాలేయము ప్రయాసపడకయే మలమూత్రములతో వెడలిపోవును. ఈ దీపములలో అతినీలలోహిత కిరణములు ఉండవు. బిడ్డ కన్నులకు గంతకట్టి, మొలకు మాత్రము గుడ్డయుంచి, వీలైనంత ఒళ్లు వెలుగుకు చూపి పరుండబెట్టుదురు. నడుమ నడుమ తల్లి పాలిచ్చుట మానరాదు.

దీపమున్నది, పరీక్ష ఉన్నది. అయినను హాని ఎక్కడ జరుగుచున్నది? ఇంటిలో. బిడ్డ పసుపు సాధారణముగా మూడవనాటినుండి అయిదవనాటికి హెచ్చును. తల్లి అప్పటికే ఆసుపత్రి విడిచి పుట్టింటికి చేరియుండును. పురిటిగదికి కిటికీలు మూసియుంతురు. లోపల పచ్చని బల్బు. ఆ వెలుతురులో పసుపు పసుపుగా కనబడదు. కొందఱు స్నానమునకు పసుపు పూయుదురు. ఇక రంగు పోల్చువారెవరు? పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని మన సామెత. ఇచ్చట కన్ను మోసపోవునది రోగిది కాదు, చూచువారిది.

కావున మొదటి వారమున బిడ్డను దినమున కొకసారి పగటి వెలుతురులో, పసుపు పూయని ఒంటితో చూడవలెను. నుదురును, రొమ్మును వేలితో మెల్లగా నొక్కి వదలినచో అడుగు రంగు తేలును. పసుపు ముఖమున మొదలై క్రిందికి దిగును. అరచేతులకు, అరికాళ్లకు వచ్చినదా, ఇక ఒక పూటయు ఆగరాదు. పుట్టిన 24 గంటలలోపల పసుపు కనబడినను అంతే. బిడ్డ పాలు సరిగా త్రాగకున్నను, లేపినను లేవక మగతగా నున్నను, గొంతు మారి కీచుగా ఏడ్చినను, వెనుకకు విల్లువలె వంగినను తక్షణము పోవలెను. తల్లి రక్తము నెగటివు వర్గమైనచో ముందునుండియే జాగ్రత్త వహింపవలెను. బీరువాలో కలరా ఉండలతో దాచిన పాతబట్టలను బిడ్డకు తొడుగుట మంచిది కాదు. కొందఱు బిడ్డల రక్తమున పుట్టుకతోనే ఒక లోపముండి, ఆ ఉండల ఆవిరికి ఎఱ్ఱకణములు పగులును.

పసరు మాట ఎత్తకుండుట కుదరదు. పెద్దవారికి కలుషితమైన నీటివలన వచ్చు కామెరలు చాలవరకు కొన్ని వారములలో వానియంతట అవియే తగ్గును. ఆ కీర్తి పసరునకు దక్కినది. పసిబిడ్డ కామెర ఆ జాతిది కాదు. ఇచ్చట గడువు వారములు కాదు, గంటలు. ఉదయపు ఎండలో చూపుట కూడ చికిత్స కాజాలదు. చాలినంత నీలికాంతి చేరక మునుపే లేత ఒంటికి వేడియో చలియో తగులును, అతినీలలోహితము తగులును. నైజీరియాలో వైద్యులు ఎండను ప్రత్యేకమైన పొరలగుండ వడగట్టి బిడ్డలకు చికిత్స చేసి, 2015లో మంచి ఫలితములు ప్రకటించిరి. అది ఆసుపత్రిలో, గంటగంటకు బిడ్డను కనిపెట్టి చూచుచు చేసిన పని. మన పెరటి ఎండ దానితో సమానము కాదు. ఇంటి ట్యూబులైటు అసలే కాదు.

ఆసుపత్రిలో చేయు మొదటి పరీక్ష బిడ్డకు నొప్పి కలిగింపనిది కావచ్చును. నుదుటికో రొమ్ముకో ఆనించు చిన్న యంత్రము ఒక మెరుపు మెరిపించి, చర్మమునుండి మరలివచ్చిన కాంతిలో పసుపుపాలెంతయో చెప్పును. పత్తి పరీక్షయే ఇది. 1980లో జపాను వైద్యులు దీనిని మొదట ప్రకటించిరి. అంకె హెచ్చుగా నున్నచో మడమనుండి గాని నరమునుండి గాని రక్తము తీసి సరిచూతురు. ఆ గొట్టమును ఎండ తగులకుండ కప్పి పంపవలెను; రోచ్‌ఫర్డు కిటికీలో జరిగినదే ఇచ్చటను జరుగును. బిడ్డ వయస్సు ఎన్ని గంటలు, ఎన్ని నెలలకు పుట్టినది, ఆ అంకె ఎంత అని మూడింటిని కలిపి చూచి, దీపము చాలునా, రక్తము మార్చవలెనా అని వైద్యులు నిర్ణయింతురు. వేళకు దీపము క్రిందికి చేరిన బిడ్డలలో రక్తము మార్చవలసినవారు బహుకొద్దిమంది. పొన్నూరునుండి గుంటూరు సుమారు 30 కిలోమీటర్లు. అచ్చటి సర్వజన ఆసుపత్రిలో పసిబిడ్డల విభాగమున్నది.

దీపము క్రింద ఒకటి రెండు దినములుంచిన పిదప చర్మము తెల్లబడును. దానిని చూచి ఇంటికి పోదమని తొందరపడుట సహజము. కాని వెలుగు సోకిన చర్మము లోపలి రక్తము కంటె ముందు తెలుపు తిరుగును. చర్మముమీద ఆనించు యంత్రము కూడ ఆ సమయమున మోసపోవును. రక్తపరీక్షయే ప్రమాణము. దీపము ఆపిన తరువాత పసుపు కొంత మఱల పెరుగవచ్చును గనుక వైద్యులు మరునాడు ఇంకొకసారి చూడవలెనన్నచో విసుగుకొనరాదు. చికిత్స జరుగుచుండగా బిడ్డ విరేచనము పలుచనై ఆకుపచ్చగా నగును. అమ్మమ్మలు చూచి పాలు పడలేదని కంగారుపడి తల్లిపాలు మాన్పింతురు. మానవద్దు, కరగిన బిలిరూబిను వెలికి పోవుచున్నదనుటకు అదియే గుర్తు.